పేరు ఒకటే, క్లాసులు రెండు: ఏబీసీ ప్లగిన్లతో రెండేళ్లు

పర్లాకిమిడి, గుణుపురం కొట్లలో ఒకరికి రసీదు ఒడియాలో కావాలి, పక్కవాళ్లకి తెలుగులో. అందుకే బిల్లింగ్ ప్రోగ్రాంలో ముద్రణ పనంతా ప్లగిన్లదే, అంటే విడిగా రాసి తగిలించే చిన్న ప్రోగ్రాంలదే. వాటన్నిటికీ మూలమైన బేస్ క్లాసు పైథాన్ ఏబీసీ మాడ్యూల్‌తో రాసింది. ఏబీసీ అంటే అబ్‌స్ట్రాక్ట్ బేస్ క్లాస్, ఫలానా మెథడ్లు తప్పక రాయాలని అడిగే మూస. ప్లగిన్‌లో 'ముద్రించు' మెథడ్ మరిచిపోతే ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడే టైప్ఎర్రర్ వస్తుంది. ప్రోగ్రాం తెరవగానే ఆబ్జెక్టులన్నీ తయారు చేయిస్తే సరి, తప్పు పొద్దున్నే బయటపడుతుంది. ఈ ఒక్క సుఖం కోసమైనా ఏబీసీ వాడొచ్చు.

కోపమల్లా ఇంకోచోట. ఒడియా ప్లగిన్ ఫైలు లోడవుతుంది, ఎర్రర్ లేదు, జాబితాలో మాత్రం కనబడదు. ప్లగిన్లను వెతికి తెచ్చే లోడర్, ఈ క్లాసు మన బేస్ క్లాసు సంతానమేనా అని ఇస్‌సబ్‌క్లాస్‌తో అడిగితే జవాబు ఫాల్స్. రెండు వైపులా బేస్ క్లాసు పేరు ఒకటే. క్లాసు ఏ మాడ్యూల్‌లో పుట్టిందో చెప్పే డండర్ మాడ్యూల్ (__module__) చూస్తే గాని తేడా తెలీదు: ఒకటి 'బిల్లింగ్.బేస్', రెండోది ఉత్త 'బేస్'. ఆ ప్లగిన్, బిల్లింగ్ లోపలి ఫోల్డర్‌ని సిస్.పాత్‌లో (పైథాన్ మాడ్యూళ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) కలిపి అక్కణ్ణుంచి ఇంపోర్ట్ చేసింది. పైథాన్ మాడ్యూల్‌ని గుర్తుపెట్టుకునేది పేరుతో, ఫైలుతో కాదు. ఒకే ఫైలు రెండు పేర్లతో వస్తే రెండుసార్లు నడిచి, సంబంధం లేని రెండు క్లాసులు పుడతాయి. ఇంటిపేరు కలిస్తే చుట్టాలైపోరు కదా!

మందు ఇది: బేస్ క్లాసుని విడి ప్యాకేజీ చేసి, పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో ఇన్‌స్టాల్ చేయాలి, అందరూ ఒకే పేరుతో ఇంపోర్ట్ చేయాలి, సిస్.పాత్ జోలికి పోకూడదు. ప్లగిన్లను ఎంట్రీ పాయింట్ల ద్వారా, అంటే ప్యాకేజీ తనలో ఏ ప్లగిన్ ఉందో ప్రకటించే పద్ధతిలో వెతకాలి. లోడర్ వద్దన్న ప్రతి క్లాసుకీ మాడ్యూల్ పేరుతో సహా లాగ్‌లో ఒక వరస ఉండాలి.

పైన మెచ్చుకున్న టైప్ఎర్రర్ కూడా చూసేది మెథడ్ పేరునే. బేస్‌లో 'ముద్రించు' బిల్లు, వెడల్పు రెండూ అడుగుతుంటే, ప్లగిన్‌లో ఒక్క బిల్లే రాసినా ఆబ్జెక్టు చక్కగా తయారవుతుంది. 58 మిల్లీమీటర్ల కాగితానికి 384 చుక్కల వెడల్పు పంపగానే కౌంటర్ దగ్గర కూలుతుంది. కొత్త సబ్‌క్లాసు పుట్టగానే నడిచే డండర్ ఇనిట్ సబ్‌క్లాస్‌లో, ఇన్‌స్పెక్ట్ సిగ్నేచర్‌తో రెండు మెథడ్లు అడిగేవి పోల్చి చూసుకోవడం మన పనే.

ఇక ప్లగిన్ తప్పు బిల్లింగ్‌కి తగలకుండా విడిగా ఉంచడమంటారా, ఏబీసీ ఆ పని చేయదు. ప్లగిన్ సిస్.ఎగ్జిట్ పిలిస్తే 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్' పట్టుకోదు. అప్పుడు వచ్చే సిస్టమ్‌ఎగ్జిట్, ఎక్సెప్షన్ సంతానం కాదు, నేరుగా బేస్‌ఎక్సెప్షన్ సంతానం. అంతులేని లూప్‌లో పడితే బిల్లింగూ ఆగుతుంది. నమ్మకం లేని ప్లగిన్‌ని వేరే ప్రాసెస్‌లో నడిపి, బిల్లు జేసన్‌గా (ఉత్త అక్షరాల రూపంలో) పంపి, 5 సెకన్ల గడువు పెట్టాలి. బిల్లుకో ప్రాసెస్ తెరిస్తే ఆలస్యం తెలుస్తుంది, అందుకే ఒక్క ప్రాసెస్‌నే తెరిచి ఉంచాలి.

మూడు నాలుగు ప్లగిన్లు, అవీ మనవాళ్లు రాసినవే అయితే ఏబీసీ ఒక్కటీ చాలుతోంది. బయటివాళ్లవి కూడా పెట్టాల్సొస్తే ముందు ప్రాసెస్‌లు వేరు చేసి, ఆ తర్వాతే ఏబీసీ సంగతి చూస్తాం.