ట్విన్ రివర్బ్‌కి చేయించుకున్న రోడ్ కేస్: వాడి చూశాక

బరువైన కాంబో యాంప్‌కి (యాంప్లిఫయర్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండే రకం) కేస్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ప్లైవుడ్ ఎంత మందం అని. నేను మాత్రం ఇంకో ప్రశ్న ముందు అడగమంటాను. యాంప్ అందులోంచి బయటికి ఎలా వస్తుంది?

నా గిటార్ యాంప్ ఫెండర్ 65 ట్విన్ రివర్బ్ రీఇష్యూ, అంటే పాత మోడల్‌ని మళ్లీ తయారుచేసినది. దాని బరువు దాదాపు 29 కిలోలు. ట్రంకు పెట్టెలా పైనుంచి తెరిచే కేసులో దాన్ని పెట్టారనుకోండి, ప్రతి షోకీ నడుము వంచి, చేతులు లోపలికి పోనిచ్చి, ఆ బరువంతా కేసు అంచు దాటేదాకా నిట్టనిలువుగా పైకి లాగాలి. రాత్రి షో అయిపోయి అందరూ అలసిపోయాక మళ్లీ అంత ఎత్తు నుంచే లోపలికి దించాలి. పట్టు కాస్త జారితే యాంప్ మూల కేసు అంచుకి కొట్టుకుంటుంది, లేదంటే వేళ్లు నలుగుతాయి. లారీలో క్షేమంగా వచ్చిన యాంప్‌కి స్టేజీ పక్కన దెబ్బ తగిలితే ఆ కేసు కొని ఏం లాభం?

అందుకే లిఫ్ట్-ఆఫ్ రకం చేయించుకున్నాను. అడుగున చక్రాలున్న ట్రే, దాని మీద యాంప్, మిగతాదంతా ఒకే మూత. ల్యాచ్‌లు, అంటే మూతని ట్రేకి బిగించే గొళ్లేలు, తిప్పి ఇద్దరు చెరోవైపు పట్టుకుని మూత పైకి తీస్తే యాంప్ ట్రే మీద అలాగే నిలబడి ఉంటుంది. అక్కడినుంచి స్టేజీ మీదికి దించడం ఎంతసేపు! మూత బరువు యాంప్ బరువులో సుమారు సగం ఉంటుంది. ఒకవేళ అది చేయి జారినా దెబ్బ మూతకే. మా బేసిస్టుకి ఇదివరకు నా యాంప్ ఎత్తాలంటే టెన్షన్. ఇప్పుడు "అన్నా, ఈ వైపు నేను పట్టుకుంటా" అని తనే ముందుకొస్తున్నాడు.

ముందూ వెనకా పలకలు ఊడదీసి, యాంప్‌ని కేసులోనే ఉంచి వాయించే రకం కూడా ఉంది. తలుపులు తీసి ప్లగ్ పెట్టేయడమే కాబట్టి పండగల స్టేజీల్లాంటి చోట, పది నిమిషాల్లో బ్యాండు మారాల్సినప్పుడు బాగానే ఉంటుంది. కానీ ట్విన్‌కి పక్కల మడత కాళ్లుంటాయి, యాంప్‌ని వెనక్కి వాల్చి శబ్దం చెవుల వైపు వచ్చేలా పెట్టుకోవడానికి. నేను రోజూ అలాగే వాయిస్తాను. కేసులో ఇరుక్కుని ఉంటే ఆ కాళ్లు ఉన్నా లేనట్టే. హెడ్ (స్పీకర్ లేని యాంప్), క్యాబినెట్ (స్పీకర్ల పెట్టె) విడివిడిగా వాడేవాళ్లు హెడ్‌కి ఈ రకం నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

ఇక ఫోమ్. నా దృష్టిలో కేసు ప్రాణమంతా ఇక్కడే ఉంది, తయారీదార్లు ఎక్కువ నిర్లక్ష్యం చేసేదీ ఇక్కడే. ట్విన్‌లో నాలుగు 6ఎల్6 పవర్ ట్యూబులు, ఆరు చిన్న ట్యూబులు, అన్నీ గాజువే, ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) నుంచి తలకిందులుగా వేలాడుతుంటాయి. అడుగున సంచిలో శబ్దానికి ప్రతిధ్వని తెచ్చే రివర్బ్ ట్యాంక్, దాని లోపల సన్నటి స్ప్రింగులు. పైన ఛాసిస్‌కి బిగించిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు. వీటికి ఒక్కసారి కింద పడటం ఎంత ప్రమాదమో, గంటల తరబడి సాగే సన్నటి అదురు కూడా అంతే. ట్యూబు సాకెట్లో వదులవుతుంది, స్పీకర్ నట్లు వదులవుతాయి, ఎక్కడో ఒక సోల్డర్ చీలుతుంది. అందుకే ఫోమ్ గట్టిగా ఉంటే మంచిదన్న మాటని నేను ఒప్పుకోను. ఫోమ్ పని యాంప్‌ని బిగించి పట్టుకోవడం ఒక్కటే కాదు, కుదుపు వచ్చినప్పుడు తాను నలిగి ఆ దెబ్బని మింగాలి.

చిన్న లెక్క చూడండి. ట్విన్ అడుగు సుమారు 67 సెంటీమీటర్లు పొడవు, 27 సెంటీమీటర్లు వెడల్పు. అంటే 1800 చదరపు సెంటీమీటర్లు. 29 కిలోలు అంత విస్తీర్ణం మీద పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకి పడేది 16 గ్రాములే. గట్టి పాలిథిలీన్ ఫోమ్‌ని అడుగంతా పరిస్తే ఆ కాస్త ఒత్తిడికి అది అసలు నలగదు, కుదుపుని నేరుగా పైకి పంపేస్తుంది. అదే ఫోమ్‌ని పట్టీలుగా కోసి అంచుల కింద మాత్రమే పెడితే బరువు తక్కువ చోట పడుతుంది, అప్పుడు ఫోమ్ పని మొదలుపెడుతుంది. నేను అడుగున 50 మిల్లీమీటర్ల మందం పట్టీలు, పక్కలకి 25 మిల్లీమీటర్ల ఫోమ్ అడిగాను. మెత్తటి స్పాంజి వద్దని గట్టిగా చెప్పాను. మామూలు పాలియురెథేన్ స్పాంజి ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలుతుంది, తేమ తగిలితే జిగురుగా మారి యాంప్ మీది వినైల్‌కి అంటుకుంటుంది. పాత కేసులు తెరిచి చూసినవాళ్లకి ఆ పసుప్పచ్చ పొడి బాగా తెలుసు.

నా కేసులో ఫోమ్ పని నిజంగా బాగా చేశారు. పట్టీలు యాంప్ అడుగున ఉన్న గుండ్రటి బుడిపెలకి తగలకుండా కోశారు. మడత కాళ్ల మరలు పక్కకి పొడుచుకొస్తాయి కదా, సరిగ్గా అక్కడ ఫోమ్‌లో గాడి తీశారు. మూత దించేటప్పుడు యాంప్ పై హ్యాండిల్‌కి ఏదీ ఒరుసుకోదు. మీరు కొలతలు పంపేటప్పుడు కంపెనీ వెబ్‌సైటులో ఉన్న అంకెలు కాపీ కొట్టి పంపకండి. టేపు పట్టుకుని హ్యాండిల్ పైనుంచి, కాళ్ల మరల దగ్గర, మూలల లోహపు తొడుగుల దగ్గర కొలవండి. యాంప్‌కి మీరే చక్రాలు బిగించి ఉంటే వాటిని ఊడదీసి పెట్టడమే మంచిది. చక్రాల మీద నిలబడ్డ యాంప్ కేసు లోపల కదులుతూనే ఉంటుంది.

ప్లైవుడ్ మందం గురించి ఎక్కువ చెప్పేది లేదు. 6 మిల్లీమీటర్లది వ్యాన్‌లో తిరిగేవాళ్లకి చాలు. లారీలో ఇతరుల సామానుతో కలిసి, ఒకదాని మీద ఒకటి పేర్చే చోట 9 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ సైజు మూతకి ఆ తేడా మూడు నాలుగు కిలోలకి మించదు. 12 మిల్లీమీటర్లది గిటార్ కాంబోకి దండగ బరువు, చక్రాలు బిగించే అడుగు పలకకి తప్ప.

చక్రాల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 100 మిల్లీమీటర్లవి, నాలుగూ తిరిగేవి, వాటిలో రెండింటికి బ్రేకు ఉండాలి. చిన్న చక్రాలు లిఫ్ట్ గుమ్మం సందులో ఇరుక్కుంటాయి, నేల మీద పరిచిన కేబుల్ దగ్గర ఆగిపోతాయి. ఆగితే ఏమవుతుందంటే, ట్విన్ ఎత్తు ఎక్కువ, లోతు తక్కువ. ఫోమ్, ప్లైవుడ్ కలుపుకున్నా కేసు లోతు 40 సెంటీమీటర్లు దాటదు, ఎత్తేమో చక్రాలతో కలిపి 75 దాకా వస్తుంది. దాన్ని లోతు దిశలో నెడుతుండగా చక్రం ఆగిందంటే కేసు ముందుకి తూలుతుంది. చక్రాలు ట్రే అంచులకి వీలైనంత దగ్గరగా ఉన్నాయో లేదో ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగండి. నా దాంట్లో సరిగ్గానే ఉన్నాయి, నెట్టేటప్పుడు పొడవు దిశలోనే నెడతాం.

నాకు కోపం వచ్చిన చోటు ల్యాచ్‌లు. సీతాకోకచిలుక రెక్కల్లా తిప్పే ల్యాచ్‌లు, లోపలికి అణిగి ఉండే రకమే ఇచ్చారు, అంతవరకూ సరే. కానీ పొడుగు వైపులకి రెండేసి పెట్టి, పొట్టి వైపులకి ఒక్కటీ పెట్టలేదు. హ్యాండిళ్లు ఉన్నది ఆ పొట్టి వైపులే. మెట్ల దగ్గర ఇద్దరం ఎత్తినప్పుడు మొత్తం బరువు, అంటే యాంప్, కేసు కలిపి 50 కిలోల పైన, మూత హ్యాండిళ్ల మీదే పడుతుంది, అందులో యాంప్, ట్రే బరువంతా ల్యాచ్‌లే మోయాలి. కొంతకాలానికి ఒక ల్యాచ్ దగ్గర రివెట్లు వదులై ప్లైవుడ్‌లో చిల్లులు పెద్దవయ్యాయి. చూస్తే లోపలివైపు వాషర్లు లేవు. వాషర్ లేకుండా పాప్ రివెట్ కొడితే అది మెత్తటి చెక్కని పట్టుకుని ఎంతకాలం ఉంటుంది? ఫోన్ చేస్తే "అందరికీ ఇలాగే ఇస్తాం సార్, ఎవరూ కంప్లయింట్ చేయలేదు" అన్నారు. ఆ జవాబు నన్ను ఎక్కువ బాధపెట్టింది. చివరికి ఆ ల్యాచ్ తీసేసి బోల్టులు, లాక్ నట్లు, వెడల్పాటి వాషర్లతో మళ్లీ బిగించుకున్నాను, ఇప్పుడు కదలడం లేదు.

కేసు మీద "ఏటీఏ" అని స్టిక్కర్ చూసి నిశ్చింతగా ఉండకండి. ఏటీఏ అనేది అమెరికా విమానయాన సంస్థల సంఘం పాత పేరు. దాని స్పెసిఫికేషన్ 300లో కేటగిరీ 1 అంటే కనీసం 100 రానుపోను ప్రయాణాలు తట్టుకునేలా తయారైన కంటైనర్ అని. ఆ మాటని చాలామంది ఒక డిజైన్ పేరులా వాడేస్తున్నారు. స్టిక్కర్ కన్నా రివెట్ల వెనక చూడటం మేలు. విమానంలో తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. మామూలు చెక్-ఇన్‌లో ఒక్కో లగేజీకి విమానయాన సంస్థలు సాధారణంగా పెట్టే గరిష్ఠ పరిమితి 32 కిలోలు. ట్విన్ కేసుతో కలిపి కార్గోలోనే వెళ్లాలి. దేశాలు దాటించేటప్పుడు కేసు కింద ముడిచెక్క దిమ్మలు కొట్టించకండి. చెక్కతో పాటు పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నిబంధన ప్రకారం ముడిచెక్క ప్యాకింగ్‌కి శుద్ధి చేసినట్టు ముద్ర ఉండాలి, ప్లైవుడ్‌కి అది అక్కర్లేదు.

ట్విన్ వెనక భాగం తెరిచి ఉంటుంది, కేబుళ్లు, ఫుట్‌స్విచ్ అందులో కుక్కేయాలనిపిస్తుంది. దయచేసి వద్దు. దారిలో ఫుట్‌స్విచ్ ఎగిరిపడితే ముందు తగిలేది ట్యూబులకే. వాయించడం అయ్యాక ట్యూబులు చల్లారేదాకా మూత వేయకండి. చలిలో ప్రయాణం చేసి వచ్చిన కేసుని వెచ్చటి గదిలో తెరిచాక, లోపల పట్టిన చెమ్మ ఆరేదాకా స్విచ్ వేయకండి.

ఇన్ని చెప్పినా ఈ కేసు నాకు ఇష్టమే. ఫోమ్, చక్రాలు, మూత కుదిరిన తీరు చూస్తే చేసినవాళ్లకి యాంప్ అంటే తెలుసని అర్థమవుతుంది. నా వాక్స్ ఏసీ30 ఇంకా బరువు, 32 కిలోల దాకా ఉంటుంది. దానికీ వాళ్లకే ఆర్డర్ ఇచ్చాను, ఈసారి షరతులు రాతపూర్వకంగా పంపి. పొట్టి వైపులకి కూడా ఒక్కో ల్యాచ్, ప్రతి రివెట్ వెనక వాషర్, చక్రాలకి బోల్టులు, ట్రేకి విడిగా రెండు హ్యాండిళ్లు. నాలుగింటికీ ఒప్పుకున్నారు. ట్రే హ్యాండిళ్ల కోసం ట్రే గోడ ఎత్తు కొంచెం పెంచాల్సి వస్తుందన్నారు, పెంచమన్నాను.