జాగ్రత్త: ఫెర్రీ టికెట్టు చేతికి రాకుండా అండమాన్ ప్యాకేజీకి పూర్తి డబ్బు కట్టకండి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, ఇటు ఇచ్ఛాపురం దాకా ఉన్న మన తెలుగువాళ్లలో ఎవరైనా జంటగా అండమాన్ వెళ్దామనుకుంటుంటే దయచేసి ఇది చదివాకే ట్రావెల్స్ షాపుకి వెళ్లండి. విమానం టికెట్టు చూపించి, అన్నీ బుక్ అయిపోయాయని నమ్మించి మిగతా డబ్బు మొత్తం లాగేస్తున్నారు. అసలు మోసం విమానం దిగాక బయటపడుతుంది. అప్పటికి మీరు నడిసముద్రంలో ఉంటారు, షాపువాడు ఫోన్ ఎత్తడు.

ఈ ఏడాది జనవరి 23 శుక్రవారం పడింది. ఒడిశాలో నేతాజీ జయంతి సెలవు, అదే రోజు వసంత పంచమి కూడా. తర్వాత శని, ఆదివారాలు, సోమవారం రిపబ్లిక్ డే. మా ఆయనకి వరసగా సెలవులు దొరకడం గగనం, పెళ్లయ్యాక ఇద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్లింది లేదు. అందుకే దసరా అప్పుడే ఊళ్లో ఒక షాపులో మాట్లాడుకున్నాం. ఇద్దరికీ 84 వేలు. భువనేశ్వర్ నుంచి కోల్‌కతా మీదుగా విమానం, హేవ్‌లాక్ దీవిలో సముద్రం ఒడ్డున కాటేజీ, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆ దీవికి రానూపోనూ ఏసీ ఫెర్రీ (పెద్ద పడవ), కారు, పొద్దున టిఫిను. కేసు వేస్తున్నాం కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయడం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. కారు రాలేదు. గంటసేపు ఫోన్లు చేస్తే అక్కడి లోకల్ ఆపరేటర్ మనిషి ఒకతను వచ్చి, సముద్రం బాగోలేదు, ఈరోజు ఫెర్రీలు లేవు అన్నాడు. సరేనని ఆటోలో హాడో జెట్టీకి వెళ్లి చూస్తే మా కళ్లముందే ఫెర్రీ బయల్దేరుతోంది, జనం లోపల కూర్చుని ఫొటోలు తీసుకుంటున్నారు. కౌంటర్లో మా ఇద్దరి పేర్లు చెప్పి అడిగితే ఆ పేర్ల మీద టికెట్లే లేవన్నారు. క్యాన్సిల్ కాలేదు, అసలు కొననే లేదు. సెలవుల వారం కాబట్టి మర్నాటికి కూడా సీట్లు లేవు.

ఆ ఆటో నడిపే ఆయనది సోంపేట దగ్గర పల్లె. తండ్రి కాలంలోనే వలస వచ్చారట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో వందకి పదముగ్గురి మాతృభాష తెలుగే, చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు. ఆ పరాయి చోట మన యాసలో "ఏటమ్మా, ఏటయింది" అని ఒక మనిషి అడిగితే నాకు ఏడుపు ఆగలేదు. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో ఆయనే విడమర్చి చెప్పారు.

మన ఊళ్లో షాపువాడు ఏదీ నేరుగా బుక్ చేయడు. మన డబ్బులో తన లాభం ఉంచుకుని భువనేశ్వర్‌లోనో కోల్‌కతాలోనో ఉన్న పెద్ద ఏజెంటుకి పని అప్పగిస్తాడు. ఆ ఏజెంటు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న లోకల్ ఆపరేటర్‌కి చెప్తాడు. కారు, హోటలు, ఫెర్రీ చూసేది ఈ చివరి మనిషే. పైవాళ్లు ఇతనికి డబ్బు పంపకపోయినా, పాత బాకీ తీర్చకపోయినా ఇతను ఏదీ కొనడు. మనం దిగాక సముద్రం మీదకో వాన మీదకో నెట్టేస్తాడు. విమానం టికెట్టు మాత్రం ముందే కొంటారు, ఎందుకంటే అది చూపిస్తేనే మనం మిగతా డబ్బు ఇస్తాం. ప్రైవేటు ఫెర్రీల్లో సీట్లు కొన్నే ఉంటాయి, సెలవులకి చాలా ముందే అయిపోతాయి. ఆలస్యం చేసిన ప్రతి రోజూ నష్టం మనదే.

ఆ రాత్రి అబర్డీన్ బజార్ దగ్గర లాడ్జిలో సొంత డబ్బుతో ఉన్నాం. మర్నాడు ఆటో ఆయన తెల్లవారకముందే వచ్చి ఫీనిక్స్ బే జెట్టీలో ప్రభుత్వ ఫెర్రీ లైన్లో నిలబెట్టి టికెట్లు ఇప్పించారు. హేవ్‌లాక్ చేరితే కాటేజీవాళ్ల దగ్గర మా పేరు లేదు. ఏజెంటు ధర అడిగాడు, డబ్బు కట్టలేదు అన్నారు. చివరికి ఆపరేటర్ మనుషులు బజారు వెనకాల, కిటికీ తెరిస్తే గోడ కనిపించే గది ఇచ్చారు. ఊరొచ్చాక షాపువాడిని నిలదీస్తే కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించాడు: ఫలానా హోటల్ లేదా అదే స్థాయి హోటల్. ఆ లైను ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. హోటల్ పేరు, గది రకం రాయించండి. రాశాక మీరే ఆ హోటల్‌కి ఫోన్ చేసి మీ పేరు మీద డబ్బు అందిందా అని అడగండి.

కాటేజీ నిజంగా దొరికినా ఒకటి చూసుకోండి. హేవ్‌లాక్ తూర్పు ఒడ్డున విజయనగర్, గోవిందనగర్ వైపు పోటు సమయంలో నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. ఆటు వచ్చిందంటే రాళ్లు, చచ్చిన పగడపు దిబ్బలు తేలి కాలు పెట్టలేం. ఫొటోలన్నీ పోటు మీదున్నప్పుడు తీసినవే. ఈత కావాలంటే పడమటి ఒడ్డున రాధానగర్ బీచే. ఆ బీచ్ మాత్రం ఎంత పొగిడినా తక్కువే, ఉన్న కాసేపట్లోనే మా కోపం సగం దిగిపోయింది.

ప్రయాణం ప్లాను కాగితం కూడా కళ్లుపెట్టి చదవండి. మాకిచ్చిన దాంట్లో మొదటిరోజు సాయంత్రపు ఫెర్రీ దిగి రాధానగర్‌లో సూర్యాస్తమయం అని రాశారు. అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో అక్కడ ఐదుంబావు ప్రాంతంలోనే సూర్యుడు మునిగిపోతాడు. జెట్టీ నుంచి బీచ్ దాదాపు 12 కిలోమీటర్లు. వేళకి చేరడం జరిగే పని కాదు.

ఇంకొకటి ప్రాణం మీదకొచ్చేది. సోమవారం పొద్దున పోర్ట్ బ్లెయిర్ దగ్గర నార్త్ బేలో స్కూబా డైవింగ్ (నీటి అడుగున ఈత), మధ్యాహ్నం తిరుగు విమానం అని పెట్టారు. ఒక్కసారి డైవింగ్ చేసినా కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. నీటి అడుగున ఒంట్లో కరిగిన నత్రజని విమానం పైకెళ్లాక బుడగలు కట్టి కీళ్లకీ, నరాలకీ, మెదడుకీ దెబ్బ తగలొచ్చు. డైవింగ్ కుర్రాడు మా విమానం ఎప్పుడని అడిగి, చేయించనని తేల్చి చెప్పాడు. అతను అడగకపోయి ఉంటే? స్కూబా కావాలంటే మధ్యరోజుల్లోనే పెట్టించుకోండి.

అదనంగా డబ్బిస్తే బారాటాంగ్ దీవికి వెళ్లే దారిలో, అడవిలో ఉండే జరావా ఆదివాసులను చూపిస్తామని కూడా మా షాపువాడు ఆశపెట్టాడు. ఆ అడవి దారిలో బండ్లన్నీ పోలీసు కాన్వాయ్‌లో వెళ్లాలి, ఆపకూడదు, ఫొటో తీయకూడదు. జరావాల రక్షణకి 1956 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. మనుషుల్ని జంతువుల్లా చూపించి సొమ్ము చేసుకుంటామనే వాడు మనతో మాత్రం నిజాయితీగా ఉంటాడని ఎలా నమ్ముతాం?

డబ్బు షాపు పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే పంపండి, జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి. సొంత నంబరుకి యూపీఐ చేయమంటే అక్కడే ఆగండి. విమానం పీఎన్‌ఆర్ వచ్చిందంటే టికెట్టు వచ్చినట్టు కాదు, డబ్బు కట్టకుండా హోల్డ్‌లో పెట్టినా పీఎన్‌ఆర్ వస్తుంది. విమాన సంస్థ వెబ్‌సైట్లో ఇంటిపేరుతో వెతికి కన్ఫర్మ్ అని ఉందో లేదో చూడండి. టికెట్ల మీద హేవ్‌లాక్ బదులు స్వరాజ్ ద్వీప్, పోర్ట్ బ్లెయిర్ బదులు శ్రీ విజయ పురం అని ఉంటే కంగారు పడకండి, ఒకదానికి 2018లో, ఇంకోదానికి 2024లో పేరు మార్చారు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోవద్దు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఏజెంటు ఏ ఊరివాడైనా సరే. రెండేళ్ల గడువు ఉంది. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, వకీలు లేకపోయినా ఫర్వాలేదు. షాపువాడి వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, సొంతంగా కట్టుకున్న లాడ్జి, ఫెర్రీ బిల్లులు దాచండి. ఫోన్లో మాట్లాడింది కూడా "మీరు ఇలా అన్నారు కదా" అని వెంటనే మెసేజ్ పెట్టండి, లిఖితంగా ఉంటుంది.

ఏప్రిల్ 3 గుడ్‌ఫ్రైడే, మళ్లీ వరస సెలవులు. మా షాపువాడు అప్పుడే అడ్వాన్సులు పుచ్చుకుంటున్నాడని విన్నాను. మీరు ఎక్కడ కట్టినా సరే, రేపే వెళ్లి మీ ఇద్దరి పేర్లున్న ఫెర్రీ టికెట్లు, రెండు వైపులవీ, చూపించమనండి. వారంలో వస్తాయంటే, వచ్చాకే మిగతా డబ్బు ఇస్తామని చెప్పి వచ్చేయండి.