కర్నూలులో హెర్‌2 పరీక్ష: రిపోర్టు నమ్మొచ్చు, ముక్క సేకరణే సరిలేదు

గాయత్రి ఎస్టేట్‌లోని ఒక ల్యాబ్‌లో రొమ్ము క్యాన్సర్ గడ్డకు హెర్‌2 పరీక్ష చేస్తున్నారు. నంద్యాల, ఆదోని వాళ్ళకు హైదరాబాదు తిరిగే పని తప్పుతుంది.

హెర్‌2 అనేది కణం పొర మీదుండే రిసెప్టర్, అంటే బయటి సంకేతాలను అందుకునే ప్రొటీన్. దానికంటూ వచ్చి అతుక్కునే గ్రోత్ ఫ్యాక్టర్ (కణాన్ని పెరగమని చెప్పే ప్రొటీన్) ఏదీ తెలియదు. హెర్‌3 లాంటి తోటి రిసెప్టర్‌తో జతకడుతుంది. జత కుదరగానే పొర లోపలివైపు తోకల్లోని టైరోసిన్లకు (ఒక రకం అమైనో ఆమ్లం) ఫాస్ఫేట్లు చేరతాయి, వాటిని పట్టుకుని లోపలి ప్రొటీన్లు పనిలోకి దిగుతాయి. రాస్–మ్యాప్ కైనేజ్ దారి కణాన్ని విభజించమంటుంది, పీఐ3 కైనేజ్–ఏకేటీ దారి చావనివ్వదు. హెర్‌2 జన్యువు ప్రతులు పెరిగితే పొర మీద రిసెప్టర్లు కిక్కిరిసి వాటంతటవే జతకడతాయి, సిగ్నల్ ఆగదు. పరీక్షలో గడ్డ ముక్కకు రంగు వేసి చూస్తారు, ఆ రంగు చూపించేది ఈ రద్దీనే. లోపల సిగ్నల్ ఎంత నడుస్తోందో దీంట్లో తెలియదు.

రంగు పని శుభ్రంగా ఉంది. ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ ముక్క పెట్టకుండా స్లైడు చదవడం లేదు. 10 శాతానికి మించిన క్యాన్సర్ కణాల్లో పొర చుట్టూ పూర్తిగా, ముదురుగా రంగు పడితేనే 3+ (0 నుంచి 3+ దాకా ఉండే స్కోరులో పైది, అంటే పాజిటివ్) ఇస్తున్నారు. 2+ (అటూ ఇటూ తేలని స్కోరు) అయితే తొందరపడి తేల్చకుండా, జన్యువు ప్రతులను లెక్కించే ఫిష్ పరీక్షకు బ్లాకును (మైనంలో నిలవచేసిన గడ్డ ముక్కను) హైదరాబాదు పంపుతున్నారు. ఈ రిసెప్టర్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు ఏడాది పాటు వేయాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఈ జాగ్రత్త మెచ్చుకోవాలి. కాకపోతే 0ని, 1+ని కలిపి ‘నెగెటివ్’ అని రాసేస్తున్నారు. జబ్బు వేరే అవయవాలకు పాకినప్పుడు ఆ తేడాతో మందే మారొచ్చు. స్కోరు అడిగి రాయించుకోండి.

అసలు చిక్కు ముక్క సేకరణలో ఉంది. గడ్డ తీసిన గంటలోపు అది, ముక్క పాడవకుండా ఉంచే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి. ద్రవం గడ్డకు పది రెట్లుండాలి, గడ్డను 5 మిల్లీమీటర్ల మందాన కోసి ఉండాలి. వీళ్ళిచ్చే చిన్న డబ్బాలో పెద్ద గడ్డ కోయకుండానే ఇరుక్కుంటోంది. ఫార్మలిన్ లోపలికి చాలా మెల్లగా దిగుతుంది, ఈలోగా మధ్యభాగం పాడై రంగు సరిగా పట్టదు. ఉన్న హెర్‌2 కూడా లేనట్టే కనిపించొచ్చు.

నానాల్సింది 6 నుంచి 72 గంటలు. శనివారం ఆపరేషనై, ఆదివారం ల్యాబ్ మూసి, సోమవారం పండగైతే గడువు దాటొచ్చు. వీలైతే సూది బయాప్సీ ముక్క మీదే చేయించండి, అది సన్నగా ఉంటుంది, సమంగా నానుతుంది.

గడ్డ తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రాయడానికి ఫారంలో గడులున్నాయి. అడిగితేనే నింపుతున్నారు. పని అయ్యాక బ్లాకు వెనక్కి తీసుకోండి.