గర్భం వచ్చిందో లేదో తేల్చుకోవడానికి కిట్టా, రక్తపరీక్షా? ఇవాళా, ఇంకో నాలుగు రోజులాగా?

పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండింటికి కూకట్‌పల్లి నుంచి మా ఆడపడుచు ఫోటో పంపింది. వాషింగ్ మెషీన్ మీద మూత్రంతో గర్భపరీక్ష చేసే కిట్, దాని మీద సెల్ టార్చ్ వెలుగు. "వదినా, రెండో గీత ఉన్నట్టా, లేనట్టా?" నాకు ఒక్కటే కనిపించింది. పీరియడ్ ఎప్పుడు రావాలని అడిగితే ఇంకా మూడు రోజులుందట! పైగా సాయంత్రం నుంచి సీసాలకు సీసాలు నీళ్లు తాగి మరీ చేసిందట.

ఇవాళా, ఆగి చేయడమా అంటే నా ఓటు ఆగడానికే. కిట్ వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాకే అది తయారవుతుంది. అండం విడుదలయ్యాక అందుకు 6 నుంచి 12 రోజులు పడుతుంది. మొదట్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది కాబట్టి, ఇవాళ దొరకనిది నాలుగు రోజులాగితే దొరకొచ్చు. తొందరపడితే వచ్చే "కాదు" నమ్మదగ్గది కాదు. నెల తప్పిన రోజు నుంచి చేయొచ్చు, వారం ఆగితే ఇంకా నిక్కచ్చిగా తెలుస్తుంది. నెలసరి క్రమంగా రానివాళ్లు కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకోవాలి.

పొద్దునా, సాయంత్రమా? తొలి రోజుల్లో పొద్దున లేవగానే పోసే మూత్రమే మేలు, చిక్కగా ఉంటుంది. వారం దాటాక ఎప్పుడైనా ఫర్వాలేదు. డ్రాపర్‌తో ఎన్ని చుక్కలు వేయాలో, ఎన్ని నిమిషాలకు చూడాలో ప్యాకెట్ మీద ఉంటుంది. చెప్పిన టైములో కిట్ మీద టి (టెస్ట్) అని రాసిన చోట పల్చగా గీత వచ్చినా గర్భం ఉన్నట్టే లెక్క. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే బూడిదరంగు గీతను మాత్రం పట్టించుకోకండి, అది ఆరిన మరక. సి (కంట్రోల్, అంటే కిట్ పనిచేస్తోందని చెప్పే గీత) దగ్గర గీతే రాకపోతే కిట్ పాడైనట్టు.

ఇక రక్తపరీక్ష. బీటా హెచ్‌సీజీ అని ల్యాబ్‌లో అడిగితే చేస్తారు, పరగడుపున వెళ్లక్కర్లేదు. కిట్ కంటే కొన్ని రోజులు ముందే పట్టేస్తుంది, హార్మోన్ ఎంతుందో అంకె చెబుతుంది. కానీ ఖర్చు ఎక్కువ. మామూలుగా నెల తప్పినవాళ్లకు కిట్ చాలు. ఆశా కార్యకర్తల దగ్గర నిశ్చయ్ అనే ప్రభుత్వ గర్భపరీక్ష కిట్ ఉచితంగానే దొరుకుతుంది, మెడికల్ షాపులో నల్లకవర్ కోసం మొహమాటపడే పని కూడా ఉండదు. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లు, ఇంతకుముందు గర్భసంచిలో కాకుండా ఫెలోపియన్ ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు రక్తపరీక్షకే వెళ్లాలి. పిల్లల కోసం చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకైతే ఆ మందు వల్లే కిట్ మీద రెండు గీతలు రావొచ్చు, డాక్టర్ చెప్పిన తేదీ దాకా ఆగాలి.

నెల తప్పాక పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం, రక్తస్రావం ఉంటే కిట్టూ వద్దు, ల్యాబూ వద్దు. రాత్రయినా సరే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లిపోవాలి. హైదరాబాద్‌లోనైతే కోఠిలో, పేట్లబుర్జులో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులున్నాయి.

రెండు గీతలు వచ్చాక కొందరు గీత ముదిరిందా లేదా అని రోజుకో కిట్ కొంటారు, మా ఆడపడుచు మూడు కొంది. గీత రంగును బట్టి బిడ్డ ఎదుగుదల తెలియదు. ఆ డబ్బుతో ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టి, స్కానింగ్ ఎప్పుడో డాక్టర్ని అడగమన్నాను.