థర్మోకపుల్ మల్టీమీటర్: మూడు నెలలు వాడాక

తిరుపతి బస్టాండు దగ్గర ఒక షాపులో 850 రూపాయలకు కొన్నా, మా టెన్త్ పిల్లల ల్యాబ్ కోసం. దాంతో వచ్చింది కె-టైప్ ప్రోబ్, అంటే రెండు వేర్వేరు లోహాల తీగల్ని కొసన అతికిన థర్మోకపుల్; ఉష్ణోగ్రత కొలిచేది అదే. క్రోమెల్, అల్యుమెల్ (రెండూ నికెల్ మిశ్రలోహాలే) తీగల అతుకుకీ మీటర్ వైపు చివరలకీ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకి సుమారు 41 మైక్రోవోల్టులు పుడతాయి, మీటర్ చదివేది దాన్నే. కరిగే ఐసులో 2 చూపించింది, మరిగే నీళ్లలో 101. ఆ ఒకటి రెండు డిగ్రీలూ తీసేసి రాసుకుంటున్నాం.

మార్చి ఎండలో ప్రోబ్‌ను చీపురుపుల్లకి కట్టి కుండీలో గుచ్చాం. పైమట్టి 49, నాలుగు వేళ్ల లోతున 35! చంద్రయాన్-3లో చంద్రుడి మట్టి వేడిని కొలిచిన ‘చేస్ట్’ ప్రోబ్ 10 సెన్సర్లతో చేసిందీ ఇలాంటి పనే. అక్కడ 8 సెంటీమీటర్ల లోతుకే మైనస్ 10 అంటే పిల్లలు నమ్మలేదు.

వోల్టేజీ చూసే ఎర్ర ప్రోబ్ వైరు మాత్రం నెలకే మొదలు దగ్గర తెగింది. “వైర్లకి గ్యారంటీ లేదు మేడమ్” అనేశాడు షాపాయన. నేనే సోల్డరింగ్ చేసుకున్నా. అయిదుకి మూడు స్టార్లు.