సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు: ఏళ్ల తరబడి వాడాక

మా టీమ్ చేసేది షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఆంధ్ర, తెలంగాణల్లో మందుల షాపులవాళ్లు, కిరాణా హోల్‌సేల్ వాళ్లు వాడుతుంటారు. ఒకప్పుడు మా కోడ్ అంతా సబ్‌వర్షన్‌లో ఉండేది, తర్వాత గిట్‌కు మారాం. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే వెర్షన్ కంట్రోల్ సాధనాలివి. రెండింటితోనూ చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కొత్తగా టీమ్ పెట్టుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కోడ్ వరకూ కళ్లు మూసుకుని గిట్ తీసుకోండి. డిజైన్ ఫైళ్లకు మాత్రం మేం సబ్‌వర్షన్‌ను ఇంకా వదల్లేదు, దానికి కారణం ఉంది.

సబ్‌వర్షన్‌ను తక్కువ చేసి మాట్లాడను. 2004లో దాని 1.0 వచ్చేనాటికి చాలా టీమ్‌లు అంతకుముందున్న ఇలాంటి సాధనం సీవీఎస్‌తో అవస్థ పడుతున్నాయి. పది ఫైళ్లు కమిట్ చేస్తే, అంటే మార్పులను రికార్డులో చేరిస్తే, పదీ వెళ్లాలి, లేదంటే ఒక్కటీ వెళ్లకూడదు. ఆ భరోసా సీవీఎస్‌లో లేదు, సబ్‌వర్షన్ ఇచ్చింది. ప్రతి కమిట్‌కూ వచ్చే రివిజన్ నంబర్ కూడా వరుసగా పెరుగుతూ పోతుంది. "4120లో బాగానే ఉంది, 4135లో పోయింది" అని ఫోన్‌లో చెప్పినా అవతలివాళ్లకు అర్థమయ్యేది. గిట్‌లో ఆ సుఖం లేదు, ప్రతి కమిట్‌కూ గుర్తుగా ఉండే హ్యాష్ అనే పొడవాటి అక్షరాల వరుసలో మొదటి ఏడెనిమిది అక్షరాలు చదివి చెప్పుకోవాలి.

సబ్‌వర్షన్‌లో మమ్మల్ని విసిగించింది మెర్జ్, అంటే విడిగా చేసిన మార్పులను కలపడం. బ్రాంచ్ (విడిగా పనిచేసుకునే కోడ్ శాఖ) తీయడం తేలికే, తిరిగి కలపడమే గండం. ఏ మార్పులు ఇప్పటికే కలిపామో గుర్తుపెట్టుకునే ఏర్పాటు 2008లో 1.5తో గానీ రాలేదు. వచ్చాక కూడా మా వాళ్లకు దానిమీద నమ్మకం కుదరలేదు. దాంతో ఎవరూ బ్రాంచ్ జోలికి పోయేవాళ్లు కాదు. సగంలో ఉన్న పనిని ట్రంక్‌లో, అంటే అందరూ వాడే ప్రధాన కోడ్‌లో, పెట్టలేరు కదా, వారం పనంతా ఎవరి సిస్టమ్‌లో వాళ్లే దాచుకునేవాళ్లు. రిలీజ్ ముందురోజు అందరూ ఒకేసారి కమిట్ చేస్తే ఆ సాయంత్రం టెన్షన్ ఇంతా అంతా కాదు.

అప్పటిదాకా వాడిన వెర్షన్ కంట్రోల్ సాధనం బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోవడంతో లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నల్ కోసం గిట్ రాయడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు పంపే మార్పులను రోజూ కలుపుకోవాల్సిన ప్రాజెక్ట్ అది. అందుకే మెర్జ్ దీనికి మొదటినుంచీ ముఖ్యమైన పని. గిట్‌లో బ్రాంచ్ అంటే ఒక కమిట్‌ను చూపించే పేరు మాత్రమే కాబట్టి తీయడానికి క్షణం పట్టదు. నెట్ పోయినా కమిట్ ఆగదు. మారిన కొన్నాళ్లకే మా వాళ్లు చిన్న చిన్న కమిట్లు చేయడం అలవాటు చేసుకున్నారు.

ఆ అలవాటు విలువ, తప్పు ఏ కమిట్‌లో వచ్చిందో వెతికే బైసెక్ట్ వాడినప్పుడు తెలిసింది. డిస్కౌంట్ ఉన్న కొన్ని బిల్లుల్లో జీఎస్టీ మొత్తం ఒక్క పైసా తేడా వస్తోందని కంప్లయింట్. ఒక పాత రిలీజ్‌లో లెక్క సరిగ్గానే ఉంది, ఇప్పుడు లేదు, మధ్యలో దాదాపు వెయ్యి కమిట్లు. బైసెక్ట్ ప్రతిసారీ సగానికి కోసుకుంటూ వెళ్తుంది, కాబట్టి వెయ్యిలో వెతకడానికి పది పరీక్షలు చాలు. ఆ బిల్లు లెక్క చూసే చిన్న స్క్రిప్ట్ రాసి 'గిట్ బైసెక్ట్ రన్'కు ఇచ్చాం. కాసేపట్లోనే కమిట్ దొరికింది. పైన మెసేజ్ "క్లీనప్" అని ఉంది. లోపల చూస్తే, ఐటమ్ ఐటమ్‌కూ పన్ను రౌండ్ చేసి కూడాల్సింది, అంతా కూడాక ఒకేసారి రౌండ్ చేసేలా మారిపోయింది. మారింది నాలుగైదు లైన్లే కాబట్టి చూడగానే తెలిసింది. అదే వారం పనంతా ఒకే కమిట్‌లో మూటగట్టి ఉంటే, కమిట్ దొరికినా మళ్లీ అందులో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇంతకుముందు ఏ కమిట్ల మీద ఉన్నామో గుర్తుపెట్టుకునే రీఫ్లాగ్ కూడా చాలాసార్లు ఆదుకుంది. హార్డ్ రీసెట్ (పాత కమిట్‌కు వెనక్కి వెళ్లి తర్వాతి మార్పులు పారేయడం) కొట్టి పనంతా పోయిందని కంగారుపడే జూనియర్లకు మొదట చూపించేది అదే. ఒకసారి కమిట్ చేసింది గిట్ అంత తొందరగా పారేయదు. కమిట్ చేయనిది మాత్రం పోతే పోయినట్టే.

నేర్చుకోవడం కష్టమన్న మాట నిజమే. బ్రాంచ్ మారడానికీ చెకౌటే, ఫైల్లో మార్పులు పారేయడానికీ చెకౌటే! 2019లో 2.23 వెర్షన్‌లో ఈ రెండు పనులకూ విడివిడిగా స్విచ్, రిస్టోర్ అని రెండు కమాండ్లు వచ్చాయి. కొత్తవాళ్లకు మేం ఇవే నేర్పిస్తాం. రీబేస్ (పాత కమిట్లను కొత్త చోట తిరగరాయడం) ఎవరి సొంత బ్రాంచ్‌లో వాళ్లే చేసుకోవాలి, ప్రధాన బ్రాంచ్ మెయిన్ మీద ఫోర్స్ పుష్ (సర్వర్‌లోని హిస్టరీని మనదాంతో చెరిపేయడం) కుదరకుండా సర్వర్‌లోనే ఆపేశాం. ఈ రెండు నియమాలూ మొదటిరోజే పెట్టుకోండి. విండోస్, లినక్స్ రెండూ వాడే టీమ్ అయితే లైన్ ఎండింగ్స్ (లైన్ చివర ఉండే గుర్తులు, రెండింటిలో వేరు) సంగతి గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్లో ముందే తేల్చుకోండి, లేకపోతే ఒక్క లైన్ మార్చినా ఫైలంతా మారినట్టు చూపిస్తుంది.

తెలుగువాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి. ఫైల్ పేరు తెలుగులో పెడితే గిట్ స్టేటస్‌లో పేరు కనిపించదు, 340, 260 అంటూ అంకెల వరుస వస్తుంది. ఫైల్ పాడైందేమో అనుకుంటారు. కోర్ కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే పేరు తెలుగులోనే కనిపిస్తుంది.

ఇక డిజైన్ ఫైళ్లు. బిల్లు టెంప్లేట్లు, ఐకాన్లు, ఫోటోషాప్ ఫైళ్లు మెర్జ్ కావు. ఒకే ఫైల్ మీద ఇద్దరు కూర్చుంటే ఒకరి పని గంగలో కలిసినట్టే. పైగా మామూలుగా గిట్‌లో పెడితే ప్రతి పాత వెర్షనూ ప్రతివాళ్ల క్లోన్ (సొంత కాపీ)లోకి వచ్చి కూర్చుంటుంది. సబ్‌వర్షన్‌లో ఫైల్‌కు నీడ్స్ లాక్ అనే గుర్తు పెడితే, లాక్ తీసుకునేదాకా ఫైల్ రీడ్ ఓన్లీగా ఉంటుంది. కావలసిన ఫోల్డర్ ఒక్కటే దించుకోవచ్చు కూడా. పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కు ఉన్న ఎల్ఎఫ్ఎస్ అనే అనుబంధంలోనూ లాక్ ఉంది, కానీ మా డిజైనర్లకు ఉన్నదే హాయిగా ఉంది, మార్చాల్సిన అవసరం కనిపించలేదు.

సబ్‌వర్షన్ నుంచి మారేవాళ్లు పాత హిస్టరీని వదిలేసి కొత్తగా మొదలుపెట్టకండి. గిట్ ఎస్‌వీఎన్ అనే కమాండ్‌తో మొత్తం తెచ్చుకోవచ్చు. పాత యూజర్‌నేమ్‌లకు అసలు పేర్లు, ఈమెయిళ్లు జతచేసే ఆథర్స్ ఫైల్ మాత్రం ముందే ఓపిగ్గా తయారుచేసుకోవాలి. జీఎస్టీ వచ్చింది 2017 జూలైలో. అంతకుముందు వ్యాట్ రోజుల్లో రాసిన లెక్కలు మా కోడ్‌లో ఇంకా ఉన్నాయి. అవి ఎందుకలా ఉన్నాయో, ఎవరిని అడగాలో, ఏ లైన్ ఎవరు మార్చారో చూపే బ్లేమ్‌లో చూసి తెలుసుకోగలుగుతున్నాం.