రోల్ఫ్ లిస్లెవాండ్ ‘లా మాస్కరాడ్’: బరోక్ గిటార్ మీద కొత్త ఊహలు

నార్వే వాద్యకారుడు రోల్ఫ్ లిస్లెవాండ్ ఒక్కడే వాయించిన ‘లా మాస్కరాడ్’ ఆల్బమ్‌ను ఈసీఎం సంస్థ 2016లో విడుదల చేసింది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగవ లూయీకి గిటార్ నేర్పిన ఫ్రాంచెస్కో కార్బెట్టా, ఆ రాజు ఆస్థానంలోనే వాయించిన రొబేర్ ద వీసే రచనలు ఇందులో ప్రధానం కాగా, వాటి పక్కన లిస్లెవాండ్ సొంతంగా అల్లిన చిన్న భాగాలు ఉన్నాయి. నన్ను ఈ ఆల్బమ్‌కు కట్టిపడేసినవి ఆ చిన్న భాగాలే.

ఎందుకో చెప్పాలంటే వాద్యం సంగతి కొంత చెప్పాలి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల యూరప్‌లో వాడిన బరోక్ గిటార్‌కు అయిదు జతల పేగు తీగలు ఉంటాయి. మెట్లు కూడా మెడ చుట్టూ కట్టిన పేగు ముడులే. ఆనాటి ఫ్రెంచి పద్ధతిలో అయిదో జతను నేటి గిటార్ కన్నా ఒక స్థాయి పైకి శ్రుతి చేసేవారు కాబట్టి, మంద్రం పలకాలని మనం ఎదురుచూసే ఆ తీగ మూడో జత కన్నా పై స్వరం పలుకుతుంది. అందువల్ల ఒక స్వరవరుసను వేర్వేరు తీగలకు పంచి వాయించినప్పుడు, ముందు మీటిన స్వరం ఆగకముందే తరువాతిది దాని మీద మోగుతుంది. లిస్లెవాండ్ తన భాగాలను ఈ లక్షణం మీదే నిర్మించుకున్నాడు. లయ కట్టుబాటు లేకుండా మొదలై, క్రమంగా తీగలన్నింటినీ కలిపి మీటే ఊపులోకి వెళ్లే ఆ తీరు, వీణ మీద ఆలాపన తానంలోకి మళ్లే ఘట్టాన్ని గుర్తుచేస్తుంది. కొన్ని స్వరమేళనాలు పదిహేడో శతాబ్దానివి కావని వెంటనే తెలిసిపోతుంది, అయినా అవి అతికించినట్టు ఉండవు. అప్పటికప్పుడు కల్పించి వాయించడం ఆ కాలపు వాద్యకారులకు మామూలు విద్యే గనుక, ఈ స్వేచ్ఛను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. పైగా లిస్లెవాండ్ స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో ఉన్న స్కోలా కాంటోరమ్ సంగీత విద్యాలయంలో, వాద్యకారుడు హాప్‌కిన్సన్ స్మిత్ దగ్గర ప్రాచీన సంగీతాన్ని శ్రద్ధగా చదువుకున్నవాడు.

లోపాలు లేకపోలేదు. రికార్డింగులో ప్రతిధ్వని కొంచెం ఎక్కువైంది. వేళ్లు తీగల మీద బలంగా దూసుకుపోయే చోట ఉండవలసిన పదును దానివల్ల మెత్తబడింది. ఆల్బమ్‌లో థియోర్బో అనే పొడవు మెడ వాద్యానికి కూడా పెద్ద భాగమే దక్కింది. దాని గంభీరమైన మంద్రం బాగున్నా, గిటార్ కోసమే వచ్చినవారికి అది కొంత నిరాశ కలిగించవచ్చు.

కొత్తగా వినేవారు కార్బెట్టా ‘కప్రీస్ ద షాకోన్’తో మొదలుపెట్టడం మంచిది. ఒకే స్వరమేళనాల వరుస తిరిగి తిరిగి వస్తుంటే దాని మీద ఊహలు ఎలా మారుతున్నాయో అందులో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ తరువాత లిస్లెవాండ్ సొంత భాగాలను మంచి హెడ్‌ఫోన్లతో, వేరే పని పెట్టుకోకుండా వినాలి.